ద్వీపంలో కుటుంబ విహారం: సముద్రపు వేళలను బట్టి సెలవు రోజును ఎలా అమర్చుకోవాలి

ఉష్ణమండల ద్వీపానికి కాపురం మార్చుకున్న కుటుంబాలు మొదటి కొన్ని నెలలు సముద్రాన్ని పెరటి తోటలా చూస్తాయి. గుమ్మం దాటితే ఇసుకే కదా, పిల్లలకు సెలవు దొరికిన పూట వెళ్ళి వస్తే సరిపోతుందనుకుంటాయి. తీరా వెళ్ళాక, పోయిన ఆదివారం పిల్లలు మోకాలి లోతు నీళ్ళలో ఆడుకున్న చోటనే ఈ ఆదివారం అలలు కొబ్బరి చెట్ల వేళ్ళను తాకుతూ కనిపిస్తాయి. ద్వీపం మీద విహారం సాఫీగా సాగాలంటే ముందు సముద్రం వేళలు తెలుసుకొని, ఆ తరువాత ఇంటి వేళలను వాటికి సర్దుకోవాలి. అది ఎలాగో, ముందు రోజు రాత్రి మొదలుకొని తిరిగి ఇల్లు చేరేదాకా వరుసగా చూద్దాం.

ముందు రోజు రాత్రి: ఆటుపోట్ల పట్టిక

మొదటి పని మీ తీరానికి సంబంధించిన ఆటుపోట్ల పట్టికను చూడటం. రేవు కార్యాలయాలు, వాతావరణ శాఖలు ఈ పట్టికలను ముందుగానే ప్రకటిస్తాయి. ఫోన్‌లో కూడా దొరుకుతాయి. పట్టికలో పోటు, అంటే నీరు గరిష్ఠంగా పెరిగే సమయమూ, ఆటు, అంటే నీరు పూర్తిగా వెనక్కి తగ్గే సమయమూ, వాటి పక్కన నీటి ఎత్తు మీటర్లలోనూ ఉంటాయి. చాలా తీరాల్లో రోజుకు రెండు పోట్లు, రెండు ఆటులు వస్తాయి. కొన్ని తీరాల్లో మాత్రం ఒక్కొక్కటే వస్తుంది కాబట్టి మీ ద్వీపం ఏ రకమో ఒకసారి తెలుసుకోండి. రోజుకు రెండేసి వచ్చే చోట ఒక పోటుకూ మరుసటి పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు పడుతుంది. అందువల్ల ఈ రోజు ఉదయం 9 గంటలకు ఆటు ఉంటే, రేపు అది దాదాపు 9.50కి వస్తుంది.

రోజుకు 50 నిమిషాలే కదా అని తీసిపారేయకండి. ఏడు రోజులకు ఆ జరుగుబాటు ఆరు గంటలకు దగ్గరవుతుంది, అంటే ఆటు ఉన్న వేళకు పోటు వచ్చి కూర్చుంటుంది. ఈ ఆదివారం ఉదయం నీరు వెనక్కి తగ్గి, పగడపు దిబ్బల మధ్య చిన్న చిన్న మడుగులు మిగిలిన తీరంలో వచ్చే ఆదివారం అదే వేళకు నీరు నిండుగా ఉంటుంది. ఆ పై ఆదివారానికి మళ్ళీ దాదాపు పాత స్థితి వస్తుంది. వారానికి ఒక్క రోజే సెలవు దొరికే కుటుంబానికి ఇంతకంటే ఉపయోగపడే లెక్క లేదని నా అభిప్రాయం. ఒక వారం మడుగుల్లో పీతలను, చేప పిల్లలను చూసే విహారం, మరుసటి వారం నిండు నీటిలో ఈత లేదా చెట్ల నీడలో నడక అని వంతు వేసుకుంటే, పిల్లలను తీసుకువెళ్ళి నిరాశపరిచే పరిస్థితి రాదు.

పట్టికతో పాటు తిథిని కూడా చూడండి. అమావాస్యకూ పౌర్ణమికీ, వాటి తరువాతి ఒకటి రెండు రోజులకూ సూర్యచంద్రుల ఆకర్షణ ఒకే వరుసలో పనిచేస్తుంది కాబట్టి నీరు బాగా పెరుగుతుంది, అంతే బాగా తగ్గుతుంది. అష్టమి ప్రాంతంలో ఈ తేడా తక్కువగా ఉంటుంది. మడుగులు, దిబ్బలు చూడటానికి పున్నమి, అమావాస్యల ఆటు వేళలు మేలైనవి. చిన్న పిల్లలను నీటిలోకి దించడానికి ప్రవాహాలు నెమ్మదించే అష్టమి రోజులు మేలు.

ఇక నీరు ఎంత వేగంగా పెరుగుతుందనే సంగతి. ఆటు నుంచి పోటుకు పట్టే ఆరు గంటల్లో నీరు సమంగా పెరగదు. నావికులు దీనికి పన్నెండు భాగాల లెక్క వాడతారు: మొదటి గంటలో ఒక భాగం, రెండో గంటలో రెండు, మూడు, నాలుగు గంటల్లో మూడేసి, ఐదో గంటలో రెండు, ఆరో గంటలో ఒకటి. ఆటుకూ పోటుకూ తేడా 1.2 మీటర్లు ఉన్న తీరంలో మొదటి గంటలో 10 సెంటీమీటర్లే పెరిగిన నీరు మూడో గంటలో 30 సెంటీమీటర్లు పెరుగుతుంది. ఐదేళ్ళ పిల్లవాడికి అది పాదం తడిసే నీటికీ మోకాలి లోతు నీటికీ ఉన్న తేడా. మా కుటుంబం ఈ లెక్క తెలియక ముందు ఒకసారి ఆటు వేళ ఇసుక మీదుగా నడిచి ఒక రాతి గుట్ట ఎక్కింది. ఫలహారాలు ముగించి, మొదటి గంటలో నీరు పెద్దగా కదలలేదని ధీమాగా కూర్చున్నాం. తిరుగు దారిలో పెద్దవాళ్ళకు నడుము దాకా నీరు వచ్చింది, పిల్లలను భుజాల మీద ఎక్కించుకొని దాటవలసి వచ్చింది. అప్పటి నుంచి మేము పాటించే నియమం ఇది: ఇసుక తిన్నెలకు, రాతి గుట్టలకు, దిబ్బలకు ఆటుకు గంటన్నర ముందు బయలుదేరాలి, ఆటు సమయం దాటిన అరగంటలోపు వెనక్కి తిరగాలి.

ఏ ఒడ్డుకు వెళ్ళాలి

ద్వీపానికి అన్ని వైపులా ఒకే సముద్రం ఉండదు. ఉష్ణమండలంలో వ్యాపార పవనాలు ఉత్తరార్ధగోళంలో ఈశాన్యం నుంచి, దక్షిణార్ధగోళంలో ఆగ్నేయం నుంచి వీస్తాయి. రుతుపవనాలు ఉండే ప్రాంతాల్లో ఆ దిశ కాలాన్ని బట్టి మారుతుంది. గాలి నేరుగా తగిలే ఒడ్డున అలలు ఎత్తుగా ఉంటాయి, కొండలున్న ద్వీపమైతే వాన కూడా ఆ వైపే ఎక్కువ. గాలికి మరుగున ఉండే ఒడ్డు ప్రశాంతంగా ఉంటుంది. చిన్న పిల్లలున్న కుటుంబం ఏ కాలంలో ఏ వైపు గాలిమరుగో తెలుసుకొని ఆ వైపే వెళ్ళాలి. పేరు పొందిన తీరమని చుట్టాలు అడిగినా సరే, ఆ రోజు గాలి ఆ తీరం మీదికి కొడుతుంటే ప్రయాణం మరో రోజుకు వాయిదా వేయండి.

ఎండ, వేళ, సంచి

ఉష్ణమండలంలో మధ్యాహ్నపు సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు. అతినీలలోహిత కిరణాల తీవ్రతను కొలిచే సూచికలో 11, ఆపైన వచ్చే అంకెలను అత్యంత తీవ్రమైనవిగా లెక్కిస్తారు. ఈ ద్వీపాల్లో మబ్బు లేని మధ్యాహ్నం ఆ స్థాయి సర్వసాధారణం. పిల్లలకు చెప్పడానికి సూచిక అవసరం లేదు: మీ నీడ మీకంటే పొట్టిగా ఉంటే చెట్టు కిందికి రావాలని చెప్పండి, నీడలు కొలుచుకోవడం వాళ్ళకు ఆటగానూ ఉంటుంది. పలచని మబ్బు ఈ కిరణాలను పెద్దగా ఆపదు, తెల్లని ఇసుకా అలల నురగా వాటిని తిప్పి మన మీదికే కొడతాయి. కాబట్టి ఉదయం వీలైనంత పెందలాడే బయలుదేరి 10 గంటలకల్లా నీడకు చేరడం, లేదా సాయంత్రం 4 తరువాత వెళ్ళడం మంచిది. సాయంత్రం వెళ్ళేవారు భూమధ్యరేఖ దగ్గర చీకటి ఎంత త్వరగా పడుతుందో గుర్తుంచుకోవాలి. సూర్యుడు అస్తమించిన అరగంటలోపే దారి కనిపించని చీకటి కమ్ముకుంటుంది కాబట్టి టార్చిలైటు ఎప్పుడూ సంచిలో ఉండాలి.

సన్‌స్క్రీన్ కంటే పొడుగు చేతుల చొక్కా, అంచు వెడల్పున్న టోపీ నమ్మదగినవి. అవి చెమటకు కరిగిపోవు. బట్ట కప్పని చోట ఎస్‌పీఎఫ్ 30 లేదా అంతకు మించిన సన్‌స్క్రీన్‌ను మందంగా రాసి, రెండు గంటలకోసారీ నీటిలోంచి బయటకు వచ్చిన ప్రతిసారీ మళ్ళీ రాయండి. ఆరు నెలల లోపు పసిబిడ్డలకు అది రాయకుండా నీడలోనే ఉంచడం సరైన పద్ధతి. కొనేటప్పుడు సీసా మీది పదార్థాల పేర్లు చదవండి. ఆక్సీబెంజోన్, ఆక్టినోక్సేట్ అనే రసాయనాలు పగడాలకు హాని చేస్తాయన్న కారణంతో పసిఫిక్ ద్వీప దేశమైన పలావు 2020లో, హవాయి రాష్ట్రం 2021లో వాటిని కలిపిన సన్‌స్క్రీన్ల అమ్మకాన్ని నిషేధించాయి. జింక్ ఆక్సైడ్ ఆధారంగా తయారైనవి ఇంటిల్లిపాదికీ పనికివస్తాయి.

సంచిలో మిగిలిన వాటి గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు: అనుకున్న దానికి రెట్టింపు తాగునీరు, ఓఆర్ఎస్ పొట్లాలు, గట్టి అడుగున్న నీటి చెప్పులు, చిన్న కత్తెర, శుభ్రమైన గుడ్డ, ఒక సీసా వెనిగర్, దోమల మందు, ఈల. ఓఆర్ఎస్ పొట్లం లేకపోతే లీటరు శుభ్రమైన నీటిలో ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు తలకొట్టి కొలిచి కలుపుకోవచ్చు. ఉప్పు మాత్రం అంతకు మించకూడదు. ఎండలో వాంతి చేసుకొని, ఒళ్ళు కాలిపోతూ, మాట తడబడే మనిషికి నీళ్ళు తాగించే ప్రయత్నంతో కాలం వృథా చేయకుండా నీడకు చేర్చి, ఒళ్ళంతా తడిపి, విసురుతూ వైద్యం కోసం కబురు పంపాలి.

తీరం చేరాక మొదటి పది నిమిషాలు

పిల్లలు ఎంత తొందరపెట్టినా, చేరగానే ఎవరినీ నీటిలోకి దించకండి. కాస్త ఎత్తున నిలబడి పది నిమిషాలు అలలను చూడండి. తెల్లగా విరిగే అలల వరుసలో ఒకచోట మాత్రం అల విరగకుండా, నీరు ముదురు రంగులో నునుపుగా కనిపిస్తూ, నురగా ఆకులూ సముద్రం వైపు కదులుతూ ఉంటే అది ఒడ్డు నుంచి లోపలికి లాగే ప్రవాహం, దానినే రిప్ కరెంట్ అంటారు. కొత్తవారికి అదే అన్నిటికంటే ప్రశాంతమైన చోటుగా కనబడుతుంది, తల్లిదండ్రులు పిల్లలను సరిగ్గా అక్కడే దించుతారు. పగడపు దిబ్బల మధ్య ఉన్న సందుల్లోంచి కూడా, ముఖ్యంగా నీరు తగ్గే వేళ, ఇటువంటి ప్రవాహమే బయటకు పోతుంది.

ఆ ప్రవాహంలో చిక్కుకుంటే ఏం చేయాలో ఒడ్డున ఉన్నప్పుడే ఇంట్లో అందరికీ చెప్పి, వారి చేత తిరిగి చెప్పించండి. అది మనిషిని కిందికి ముంచదు, లోపలికి మోసుకుపోతుంది. దానికి ఎదురీదితే ఎంతటి ఈతగాడైనా అలసిపోతాడు. వెల్లకిలా తేలుతూ ఊపిరి నిలదొక్కుకొని, చెయ్యెత్తి పిలవాలి. బలముంటే ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది ప్రవాహం దాటాక, అలలు విరిగే చోటు మీదుగా వెనక్కి రావాలి. ఒడ్డున ఉన్నవారు గుడ్డిగా దూకకుండా తేలే వస్తువు ఏదైనా, ఖాళీ డబ్బా అయినా సరే, విసరాలి. బిడ్డను కాపాడబోయిన పెద్దవారే మునిగిపోవడం తరచుగా జరుగుతుంది.

నీటిలో పిల్లలను చూసుకునే బాధ్యత ఒక్కరికి అప్పగించాలి. నలుగురు పెద్దవాళ్ళున్న చోట అందరూ చూస్తున్నారని అందరూ అనుకుంటారు, చివరికి ఎవరూ చూడరు. మా ఇంట్లో ఈల ఎవరి మెడలో ఉంటే కాపలా వారిదే. పావుగంటకోసారి ఈల చేతులు మారుతుంది, అది మెడలో ఉన్నంతసేపూ ఫోన్ సంచిలో ఉంటుంది. మునిగే బిడ్డ కేకలు వేయదు, చేతులు ఊపదు. నోరు నీటి మట్టానికి అటూ ఇటూ అవుతూ, నిలువుగా, మెట్లెక్కుతున్నట్టు కదులుతూ నిమిషంలోపే చప్పుడు లేకుండా మునిగిపోతుంది. అందుకే ఈత రాని పిల్లలు చెయ్యి చాస్తే అందే దూరంలోనే ఉండాలి. గాలి నింపిన చేతి పట్టీలు, రబ్బరు గుండ్రాలు ఆటవస్తువులే. ఒడ్డు నుంచి సముద్రం వైపు గాలి వీచే రోజున అవి పిల్లవాడితో సహా కొట్టుకుపోతాయి.

ఇసుక మీద కూడా ఒక కన్నుంచాలి. పిల్లలు తవ్వే గుంత అందరికంటే చిన్నవాడి మోకాలి లోతు దాటకూడదు, ఎందుకంటే తడి ఇసుక గోడ హఠాత్తుగా కూలుతుంది. కాయలున్న కొబ్బరి చెట్టు కింద చాప పరవకండి. ముదిరిన కాయ కిలోకు పైగా బరువుంటుంది, అది రాలడానికి గాలి కూడా అక్కర్లేదు. పరిచయం లేని చెట్ల పండ్లు ముట్టవద్దని పిల్లలకు గట్టిగా చెప్పాలి. కరీబియన్ తీరాల్లో పెరిగే మాంచినీల్ చెట్టు పండు చూడటానికి చిన్న పచ్చి ఆపిల్‌లా ముద్దుగా ఉంటుంది, కానీ దాని పాలు తగిలితే చర్మం పొక్కుతుంది. వానలో ఆ చెట్టు కింద నిలబడినా ఆ పొక్కులు తప్పవు.

మడుగులు, పగడాలు, చేత్తో ముట్టకూడనివి

ఆటు వేళ మిగిలే మడుగులు పిల్లలకు ఏ బడీ ఇవ్వలేని పాఠం, కాబట్టి ఇక్కడ తొందరపడకుండా గంటసేపైనా గడపండి. మడుగు అంచున మీ నీడ పడకుండా ఐదు నిమిషాలు కదలకుండా కూర్చోవాలని చెబితే, ముందు ఖాళీగా కనిపించిన నీటిలో చేప పిల్లలు, రొయ్యలు, నత్తలు ఒక్కొక్కటిగా బయటకు వస్తాయి. కదిపిన రాయిని యథాస్థానంలో అదే వైపుగా పెట్టాలి. దాని అడుగున బతికే జీవులకు ఎండ తగిలితే చచ్చిపోతాయి. పగడం రాయిలా కనిపించినా ప్రాణమున్న జీవుల గూడు, దాని మీద అడుగు వేయకూడదు. గీసుకుంటే మనకూ ఇబ్బందే. పగడపు గాయం చిన్నదైనా త్వరగా చీము పడుతుంది కాబట్టి వెంటనే మంచినీటితో, సబ్బుతో బాగా కడగాలి.

గవ్వలు ఏరుకోవడం అందరికీ సరదాయే, కానీ రెండు కారణాల వల్ల చూసి వదిలేయడం మేలు. ఖాళీ గవ్వ సన్యాసి పీతకు ఇల్లు. అది పెరిగే కొద్దీ పాత గవ్వ వదిలి పెద్ద గవ్వలోకి మారుతుంది, ఒడ్డున గవ్వలు లేకపోతే దానికి ఇల్లు దొరకదు. రెండోది మన క్షేమం. హిందూ, పసిఫిక్ మహాసముద్రాల వెచ్చని నీటిలో ఉండే శంకువు ఆకారపు కోన్ నత్తలు అందమైన గళ్ళతో పిల్లలను ఆకర్షిస్తాయి. వాటిలో కొన్నిటి కాటుకు మనిషి కండరాలు చచ్చుబడి ఊపిరి ఆగిపోవచ్చు, విరుగుడు మందు లేదు. ప్రాణమున్న గవ్వను ఎప్పుడూ చేతిలోకి తీసుకోకూడదు.

ఇసుకలో దాగే రాతిచేప ముల్లు గానీ, సీ అర్చిన్ అనే ముళ్ళ జీవి ముల్లు గానీ గుచ్చుకుంటే ఆ భాగాన్ని ఓర్చుకోగలిగినంత వేడి నీటిలో, అంటే 45 డిగ్రీల సెల్సియస్ మించకుండా, అరగంట నుంచి గంటన్నర వరకు ఉంచితే నొప్పి తగ్గుతుంది. నీటి వేడిని దెబ్బ తగలని చేత్తో పెద్దవారు ముందు చూడాలి. తరువాత వైద్యుడికి చూపించడం తప్పనిసరి. బాక్స్ జెల్లీఫిష్ కుట్టిన చోట కనీసం అర నిమిషం వెనిగర్ పోయాలి, ఆ తరువాతే చర్మానికి అంటుకున్న దాని పోగులను తీయాలి. ఇసుకతో రుద్దడం, మంచినీళ్ళు పోయడం విషాన్ని మరింత ఎక్కిస్తాయి. అయితే వెనిగర్ అన్ని జెల్లీఫిష్‌లకూ పనికిరాదు. మీ తీరంలో ఏ రకాలు ఏ నెలల్లో వస్తాయో స్థానిక జాలర్లను అడిగి ముందే తెలుసుకోండి.

వాన, వాగు, ఉరుము

ద్వీపాల్లో వాన తరచుగా మధ్యాహ్నం తరువాత కురుస్తుంది. జలపాతాలకు వెళ్ళేవారు ఉదయమే వెళ్ళి రావాలి. కొండ మీద వాన పడితే, మీరున్న చోట ఎండ కాస్తున్నా, వాగు నిమిషాల్లో పొంగుతుంది. తేటగా ఉన్న నీరు ఉన్నట్టుండి మట్టి రంగుకు మారినా, ఆకులూ పుల్లలూ కొట్టుకువచ్చినా, పైనుంచి హోరు వినిపించినా చెప్పుల కోసం వెతకకుండా గట్టెక్కండి. పెద్ద వాన తరువాత ఒంటి మీద గాయాలున్నవారు వాగుల్లో, గుంటల్లో దిగవద్దు, ఎలుకల మూత్రం కలిసిన నీటి ద్వారా లెప్టోస్పైరోసిస్ సోకుతుంది. మెరుపుకూ ఉరుముకూ మధ్య సెకన్లు లెక్కపెట్టి మూడుతో భాగిస్తే పిడుగు ఎన్ని కిలోమీటర్ల దూరంలో ఉందో తెలుస్తుంది. ఆ లెక్క పిల్లలకు సరదా, పెద్దలకు హెచ్చరిక: 30 సెకన్లకు తగ్గితే అందరూ నీటిలోంచి బయటపడి పక్కా కట్టడంలోకో కారులోకో చేరాలి, చివరి ఉరుము వినిపించిన అరగంట దాకా తిరిగి వెళ్ళకూడదు.

పక్క దీవికి పడవ ప్రయాణం

పడవ ఎక్కే ముందు చివరి పడవ సమయం కాకుండా, దానికి ముందు పడవ సమయాన్ని అడిగి మీ తిరుగు ప్రయాణాన్ని దానికి నిర్ణయించుకోండి. చివరి పడవ రద్దయిన రోజున పసిపిల్లలతో రేవులో రాత్రి గడపవలసి వస్తుంది. పిల్లల లైఫ్ జాకెట్ వారి బరువుకు సరిపోయేది కావాలి, కాళ్ళ మధ్య నుంచి వచ్చే పట్టీ ఉండాలి. తొడిగాక భుజాల దగ్గర పట్టుకొని పైకి లేపి చూస్తే జాకెట్ చెవుల మీదికి జారకూడదు. తల తిరిగేవారిని పడవ మధ్యలో కూర్చోబెట్టి, దూరపు దిగంతం వైపు చూడమనండి.

భూకంపం వస్తే

విహారానికి ముందు ఇది మాట్లాడటం అపశకునమని కొందరు పెద్దవాళ్ళు అంటారు, నేను ఒప్పుకోను. సుమత్రా పక్కనున్న సిములూ ద్వీపవాసులు 1907 నాటి సునామీ తరువాత, భూమి బలంగా కంపించి సముద్రం వెనక్కి పోతే కొండకు పరుగెత్తాలని పిల్లలకు కథలుగా, పాటలుగా చెబుతూ వచ్చారు. 2004 డిసెంబరు 26న భూకంప కేంద్రానికి అంత దగ్గరగా ఉండి కూడా, సుమారు 78,000 మంది జనాభాలో ఏడుగురే చనిపోయారు. నిలబడటం కష్టమయ్యేంత బలంగా గానీ, ఇరవై సెకన్లకు మించి గానీ భూమి కంపిస్తే సైరన్ కోసం ఎదురుచూడకుండా ఎత్తైన చోటుకు నడక మొదలుపెట్టాలి. కొత్త తీరానికి వెళ్ళిన ప్రతిసారీ ఆ ఎత్తైన చోటు ఏదో పిల్లల చేతే చూపించండి. మొదటి అల తగ్గిందని వెనక్కి రాకూడదు, తరువాతివి అంతకంటే పెద్దవి కావచ్చు.

ఇల్లు చేరాక

ఉప్పు నీరు తగిలిన జిప్పులు, కత్తెర, కళ్ళద్దాలు ఆ సాయంత్రమే మంచినీటితో కడగాలి. మరునాటికి వదిలేస్తే తుప్పు మొదలవుతుంది. డెంగ్యూ దోమ పగలే, ఎక్కువగా ఉదయం పూటా పొద్దు గూకే ముందూ కుడుతుంది కాబట్టి, ఆరుబయట తడి బట్టలతో పిల్లలను కూర్చోనివ్వక, స్నానం చేయించి పొడి బట్టలు తొడగండి. బకెట్లలో, ఆటవస్తువుల్లో మిగిలిన నీరు ఒలకబోసి బోర్లించండి. స్నానమప్పుడే ఒంటి మీద గీతలు, ముళ్ళు, పొక్కులు ఉన్నాయేమో చూడాలి, ఎందుకంటే ఆట మీదున్న పిల్లలు చాలా గాయాలను చెప్పడం మరచిపోతారు.

పడుకునే ముందు ఒక నోటు పుస్తకంలో నాలుగు మాటలు రాయించండి: ఏ తీరం, ఏ తిథి, ఆటు ఎన్ని గంటలకు, గాలి ఎటు నుంచి, మడుగులో ఏం కనిపించాయి. మా పెద్దమ్మాయి రాసిన పుస్తకంలో ఒక ఏడాది పూర్తయ్యేసరికి, ఫలానా తీరంలో ఏ నెలలో జెల్లీఫిష్‌లు వస్తాయో, ఏ పున్నమికి దూరపు ఇసుక తిన్నె బయటపడుతుందో మాకు ఫోన్ చూడనవసరం లేకుండానే తెలిసిపోయింది. ఇప్పుడు శనివారం రాత్రి పట్టిక చూసి, రేపు ఎన్ని గంటలకు లేవాలో ఇంట్లో చెప్పేది ఆమే.